రిపోర్ట్ వచ్చేదాకా బడి ఆగాలా?

ఆటిజం ఉందేమోనని అనుమానం వచ్చిన నాలుగేళ్ల పిల్లాడి తల్లిదండ్రులు బడికి వెళ్లి సాయం అడిగితే సాధారణంగా వినిపించే జవాబు ఇది: "ముందు డాక్టర్ రిపోర్ట్ తీసుకురండి, తర్వాత చూద్దాం." డాక్టర్ దగ్గరికి వెళితే, "క్లాసులో ఎలా ఉంటున్నాడో టీచర్‌తో రాయించుకు రండి" అంటారు. టీచర్ రాసివ్వాలంటే ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. ప్రిన్సిపాల్‌కేమో రిపోర్ట్ కావాలి. ఇలా తిరిగేలోపు ఒక విద్యా సంవత్సరం అయిపోతుంది. ఆ ఏడాదంతా పిల్లాడికి "అల్లరి", "మొండి" అనే పేర్లు మాత్రం ఏ రిపోర్టూ లేకుండానే వచ్చేస్తాయి.

అనుమానం మొదలైన రోజునే బడి సాయమూ మొదలవ్వాలన్నది నా వాదన. డాక్టర్ తేల్చాల్సింది డాక్టర్ తేలుస్తాడు. టీచర్ చేయాల్సిన పని దానికోసం ఆగక్కర్లేదు.

ఆటిజాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. పిల్లాడి ప్రవర్తనను గమనించి, పుట్టినప్పటి నుంచి ఎదుగుదల ఎలా సాగిందో అడిగి తెలుసుకుని నిపుణులు ఒక నిర్ణయానికి వస్తారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక, ఎదుగుదల సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకం) ప్రమాణాల ప్రకారం వాళ్లు చూసేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఇతరులతో మాటా చూపూ సైగా కలపడంలో ఇబ్బంది. రెండోది, చేసిందే చేయడం, ఒకే విషయం మీద విపరీతమైన ఆసక్తి, మార్పును తట్టుకోలేకపోవడం, శబ్దాలకూ స్పర్శకూ అతిగానో తక్కువగానో స్పందించడం. ఇదంతా ఒక్క పూటలో తేలేది కాదు. 18, 24 నెలల వయసులో పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ (లక్షణాలున్నాయేమో చూసే ప్రాథమిక పరీక్ష) చేయాలని అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ చాలా కాలంగా చెబుతోంది. అనుభవమున్న నిపుణులు రెండేళ్లకే నమ్మకంగా గుర్తించగలరు కూడా. అయినా అదే దేశంలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో ఎనిమిదేళ్ల పిల్లల వివరాలు సేకరిస్తే, మొదటిసారి నిర్ధారణ జరిగిన మధ్యస్థ వయసు 47 నెలలని తేలింది. అంటే నాలుగేళ్లు నిండబోతుండగా. సగం మందికి అంతకంటే ఆలస్యమే. బయటికి సర్దుకుపోతున్నట్టు కనిపించే ఆడపిల్లల సంగతి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. కాబట్టి చేతిలో కాగితం లేకుండానే బడిలో అడుగుపెట్టే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను ఎక్కడో ఒకరిద్దరుగా లెక్కకట్టి వ్యవస్థను కట్టుకుంటే కుదరదు.

ఇంకో సంగతి. రిపోర్ట్ వచ్చినా, టీచర్‌కు రేపు ఉదయం క్లాసులో ఏం చేయాలో అది చెప్పదు. ఒకే నిర్ధారణ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి మాటలే రాకపోవచ్చు, రెండోవాడు రైళ్ల గురించి అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుతూ పక్కవాడి మాట మాత్రం వినకపోవచ్చు. టీచర్‌కు కావాల్సిన వివరాలు వేరే ఉన్నాయి. ఒకేసారి రెండు పనులు చెబితే రెండోది వాడికి అందదు. ఆట ఆపి పుస్తకం తీయమన్నప్పుడల్లా తట్టుకోలేక ఏడుస్తూ కుప్పకూలిపోతాడు. గంట మోగితే చెవులు మూసుకుంటాడు. వీటిలో ఏ ఒక్కటి తెలుసుకోవడానికీ సర్టిఫికెట్ అక్కర్లేదు. రెండు వారాలు శ్రద్ధగా గమనిస్తే చాలు.

పోనీ, ఆ అవసరాలకు చేయాల్సినవేమన్నా బ్రహ్మాండమైన పనులా? రోజంతా ఏది తర్వాత ఏదో బొమ్మలతో వరుసగా అతికించిన ఒక అట్ట. 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం రాష్ట్ర కార్యక్రమంగా మొదలైన 'టీచ్' (TEACCH) పద్ధతి ఈ బొమ్మల టైంటేబుల్‌ని ప్రచారంలోకి తెచ్చింది. పని మారబోయే ముందు "ఇంకో ఐదు నిమిషాల్లో ఆపేద్దాం" అని ఒక మాట. పొట్టి వాక్యాలు. ప్రశ్న అడిగాక కొన్ని సెకన్ల ఓపిక. తలుపుకూ ఫ్యానుకూ దూరంగా సీటు. గోల భరించలేనప్పుడు వెళ్లి కూర్చోవడానికి ఒక మూల, అది శిక్ష మూల కాకుండా చూసుకోవడం. రేపు పిల్లాడికి ఆటిజం లేదని తేలిందే అనుకుందాం, వీటివల్ల జరిగిన నష్టమేమిటి? ఏమీ లేదు. పైగా పక్క బెంచీ వాళ్లకూ ఉపయోగపడతాయి. పెద్దవాళ్లం మనమే ఫోన్‌లో క్యాలెండర్ లేకపోతే రోజు గడపలేకపోతున్నాం.

ఈ తర్కం కొత్తదేమీ కాదు, కొన్ని దేశాల చట్టాల్లో ఉన్నదే. అమెరికాలో వైకల్యమున్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడియా (IDEA) చట్టం కింద పిల్లల్ని వెతికి, పరీక్షించే బాధ్యత ప్రభుత్వ విద్యా వ్యవస్థదే. తల్లిదండ్రులు సమ్మతించాక, రాష్ట్రం వేరే గడువు పెట్టుకోకపోతే 60 రోజుల్లో మూల్యాంకనం పూర్తి చేయాలి. మూడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో, ఏ వైకల్యమో తేల్చకుండానే 'ఎదుగుదలలో ఆలస్యం' అన్న వర్గం కింద సాయం మొదలుపెట్టే వీలును రాష్ట్రాలకు ఆ చట్టం ఇచ్చింది. ఇంగ్లాండ్‌లో బడి స్థాయి మద్దతుకు నిర్ధారణ తప్పనిసరి కాదు. అంతకుమించిన సాయానికి ప్రణాళిక కావాలంటే మూల్యాంకనం చేయాలో వద్దో స్థానిక ప్రభుత్వ సంస్థ ఆరు వారాల్లో చెప్పాలి, మొత్తం వ్యవహారం 20 వారాల్లో ముగియాలి. ఆచరణలో ఈ గడువులు తరచూ దాటిపోతున్నాయి, అది వేరే కథ.

భారత్‌లో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజంతో కలిపి 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఇక్కడే ఒక పొరపాటు బలంగా పాతుకుపోయింది. 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటేనే బడి ఏదైనా చేయాలని చాలామంది నమ్ముతారు, బడులు కూడా అదే చెబుతాయి. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చే 31వ సెక్షన్‌కు ఆ 40 శాతం గీత ఉన్నమాట నిజమే. కానీ వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఒక్కొక్కరి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలి అని ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకు చెప్పే 16వ సెక్షన్‌లో ఆ గీత లేదు. అయితే అనుమానపు దశలో ఉన్న పిల్లల గురించి చట్టం స్పష్టంగా ఏమీ అనదు. బడి విచక్షణకే వదిలేసిన ఆ ఖాళీలోనే చాలా కుటుంబాలు చిక్కుకుపోతున్నాయి.

నిర్ధారణే అనవసరం అంటున్నానా? లేదు. పరీక్షల్లో అదనపు సమయానికీ, ప్రభుత్వ సాయానికీ, కొన్నిచోట్ల థెరపీ ఖర్చు తిరిగి రావడానికీ ఆ కాగితం కావాలి. అంతకంటే ముఖ్యంగా, ఆటిజమనుకున్నది వినికిడి లోపం కావచ్చు. అందుకే పిలిస్తే పలకని పిల్లలకు ముందుగా చేయించాల్సింది వినికిడి పరీక్ష. నిర్ధారణ కోసం డాక్టర్ దగ్గర క్యూలో పేరు నమోదు చేయించండి, ఆ క్యూ కదిలేలోపు క్లాసులో పని మొదలుపెట్టించండి.

బడులు రిపోర్ట్ కోసమే ఎందుకు పట్టుబడతాయి? ఒక కారణం నిజాయితీగలదే. టీచర్‌కు శిక్షణ లేదు, క్లాసు నిండా పిల్లలు, పొరపాటున తల్లిదండ్రులతో 'ఆటిజం' అంటే ఎంత గొడవవుతుందోనన్న భయం. రెండో కారణం అంత మంచిది కాదు. రిపోర్ట్ చేతికొచ్చాక "ఇలాంటి పిల్లలకు మా దగ్గర సౌకర్యాలు లేవండీ" అనడం తేలిక. ఈ సంగతి పసిగట్టిన తల్లిదండ్రులు నిర్ధారణ అయ్యాక కూడా దాచిపెడుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. కానీ దాచినకొద్దీ పిల్లాడి కుప్పకూలడం మొండితనంగానే లెక్కలోకి వస్తుంది. నా దృష్టిలో మధ్యేమార్గం ఒకటుంది: ఆటిజం అన్న పేరు చెప్పకపోయినా ఫరవాలేదు, అవసరాన్ని మాత్రం కాగితం మీద రాసి ఇవ్వండి.

ఆ కాగితం ఎలా ఉండాలన్నదే అసలు విషయం. "మా వాడిని కాస్త ప్రత్యేకంగా చూసుకోండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "ఆట నుంచి పాఠానికి మారేటప్పుడు ఇబ్బంది పడుతున్నాడు, ముందుగా బొమ్మ చూపించి చెబితే ఇంట్లో ఫలితం ఉంది, క్లాసులో కూడా చేసి ఆరు వారాల తర్వాత మాట్లాడుకుందాం" అంటే టీచర్‌కు చేసేందుకు ఒక పని దొరుకుతుంది. అడిగేవి రెండు మూడు మించకూడదు, తేదీ ఉండాలి, ఈమెయిల్ అయితే మరీ మంచిది. ప్రతి గొడవకూ ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు అని మూడు గడులు గీసి రాయమంటే, "ఊరికే కొడుతున్నాడు" అన్న మాట కాస్తా "వరుసలో వెనక నుంచి తోసినప్పుడు కొడుతున్నాడు"గా మారుతుంది. డాక్టర్‌కు కావాల్సిన బడి సమాచారం కూడా అదే.

"బడిలో బాగానే ఉంటోందండీ, మీ ఇంట్లోనే ఏదో సమస్య" అనే మాట ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకు ఎదురవుతుంది. రోజంతా ఇతరుల్ని చూసి అనుకరిస్తూ బిగబట్టుకున్న పిల్ల, గుమ్మం దాటగానే పగిలిపోవడం ఆటిజంలో బాగా తెలిసిన విషయమే. అలాంటప్పుడు ఇంటి వీడియోలు టీచర్‌కు చూపించడం వాదన కంటే మేలు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్లే మాట ఆలస్యమైందని, ఒకటి మానేయమని చెప్పేవారూ ఉన్నారు. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషలు హాని చేస్తాయని పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. తల్లి తనకు బాగా వచ్చిన భాషను వదులుకుని తడబడుతూ మాట్లాడితే పిల్లలకు అందే మాటే తగ్గిపోతుంది.

క్లాసులో ఒక్క పిల్లాడి పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్ గురించి కూడా ఒక హెచ్చరిక. తల్లిదండ్రులే జీతమిచ్చి ఒక మనిషిని పెడితేనే ఉంచుకుంటామని చెప్పే బడులున్నాయి. భద్రత కోసం కొందరు పిల్లలకు అది నిజంగానే అవసరం. మిగతావాళ్ల విషయంలో జరిగేది ఇది: ఆ మనిషి పక్కన కూర్చోగానే క్లాస్ టీచర్ పిల్లాడిని ఆమెకు అప్పగించేస్తుంది, తోటి పిల్లలు ఆమెను దాటి వాడి దగ్గరికి రారు. గదిలోనే ఉన్నా వాడు వేరే బడిలో ఉన్నట్టే. అందుకే పెట్టే రోజే, ఏ పనుల్లో సాయం చేయాలి, ఎప్పటి నుంచి దూరం జరగాలి అన్నది రాసుకోవాలి.

ఏడాది చివర్లో టీచర్ మారతారు, కష్టపడి తెలుసుకున్నదంతా ఆమెతోనే వెళ్లిపోతుంది. దేనికి భయపడతాడు, దేనికి శాంతిస్తాడు, ఏ సర్దుబాటు పనిచేసింది, ఏది చేయలేదు అన్న ఒక్క పేజీ పాత టీచర్‌తో రాయించి కొత్త టీచర్‌కు చేర్పించాలి. సెలవులు ముగిసేలోపు కొత్త గదిని ఎవరూ లేనప్పుడు ఒకసారి పిల్లాడికి చూపించమని అడగాలి. దీన్ని కాదనడానికి ఏ బడికీ కారణం దొరకదు.