ఇంజిన్ అడుగున అజ్ఞాతవాసంలో ఉన్న డ్రెయిన్ కాక్ గారికి

మ.రా.రా.శ్రీ డ్రెయిన్ కాక్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మీరు క్షేమంగా లేకపోతే ఈపాటికి బోటు అడుగున నీళ్ళు చేరే బిల్జ్ అంతా, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారి పచ్చగా ఉండేది.

విషయానికొస్తాను. చిన్న మెరైన్ డీజిల్ ఇంజిన్‌లో కూలెంట్ మార్చాలంటే ముందు పాతది వదలాలి. అది వదిలే బుల్లి కుళాయి తమరే గనక తమరి దర్శనం కావాలి. ఇంజిన్ మాన్యువల్ మీ సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది: డ్రెయిన్ కాక్ తెరిచి కూలెంట్ వదలండి. అంతే! ఏ మూల ఉంటారు, కుడిచేత్తో అందుకోవాలా ఎడమచేత్తోనా, మోచేతికి ఇంకో కీలు అదనంగా ఉండాలా అన్న వివరాలేమీ లేవు. ఆ ముక్క రాసినాయన ఇంజిన్‌ని ఫ్యాక్టరీలో స్టాండు మీద చూసుంటాడు. నాలుగు పక్కలా తిరగడానికి చోటున్నంతసేపూ మీరు అందరికీ కనిపించే పెద్దమనిషే. బోటులోకి దిగాకే మీ అసలు రంగు బయటపడుతుంది. నిజానికి రంగు కూడా బయటపడదు. ఫ్యాక్టరీలో ఇంజిన్ బ్లాకుతో పాటు మీకూ అదే పెయింటు కొట్టి పంపిస్తారు కదా, స్టార్టర్ మోటారు వెనకో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కిందో బ్లాకులో బ్లాకైపోయి కూర్చుంటారు. నోట్లో టార్చి, చేతిలో చిన్న అద్దం పెట్టుకుని, ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతుంటే, వేలి కొసతో తడిమి మిమ్మల్ని పోల్చుకోవాలి. మీ ఇత్తడి రెక్క వేలిగోరంత. దాని మీద మీ గర్వం మాత్రం యాంకరంత.

పోనీ దొరికారు. తిప్పాం. ఏమొస్తుంది? రెండు చుక్కలు. ఆ తరవాత మౌనవ్రతం.

కొత్తవాళ్ళు ఇక్కడే మోసపోతారు. "హమ్మయ్య, కూలెంట్ అంతా అయిపోయింది" అనుకుని రెక్క బిగించేస్తారు. మీక్కావలసిందీ అదే. బ్లాకులోని నీటి గదుల అడుగు దగ్గర్లోనే మీరుంటారు గనక తుప్పు, పొలుసు, మడ్డి అన్నీ ఏళ్ళ తరబడి మీ గుమ్మం ముందే పేరుకుంటాయి. ఆ మడ్డి తలుపేస్తే మీరు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. గట్టి తీగ ఒకటి మీ నోట్లో పెట్టి నాలుగు పోట్లు పొడిస్తే అప్పుడు కదులుతుంది లోపలి సరుకు. అదీ మర్యాదగా రాదు. తీగ పట్టుకున్న చేతి మీదుగా, చొక్కా చేతిలోంచి దూరి, చంక దాకా ప్రయాణం చేస్తుంది. తీగకీ లొంగకపోతే మిమ్మల్నే బ్లాకులోంచి ఊడదీయాలి. కాస్ట్ ఐరన్‌లో బిగుసుకున్న ఇత్తడి మీరు. ఆవేశపడి స్పానర్ వేస్తే రెక్క విరిగి చేతికొస్తుంది, మొదలు లోపలే ఉంటుంది. తుప్పు వదిలించే నూనె రాసి, ఓపిగ్గా కాసేపు ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపితే తప్ప మీరు దిగిరారు.

ఒక్కోసారి తప్పు మీది కాదు, ఒప్పుకుంటాను. పైన కూలెంట్ పోసే ఫిల్లర్ మూత తియ్యకపోతే లోపలికి గాలి రాదు, గాలి రాకపోతే కూలెంట్ దిగదు. అలాగని ఇప్పుడే ఆపిన ఇంజిన్ మూత తిప్పకూడదు. ఒత్తిడి కింద ఉన్న కూలెంట్ మామూలుగా మరిగే వేడిని దాటి కూడా ఊరుకుని ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఆవిరై మొహం మీదికొస్తుంది. బ్లాకు మీద చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాకే మీ దగ్గరికి రావాలి. అందుకే ఈ పని సాయంత్రం మొదలుపెడితే చీకట్లోనే తేలుతుంది. మీరు ఎలాగూ చీకట్లోనే ఉంటారు కాబట్టి మీకేం తేడా లేదు.

ఇక మీ మూతి సంగతి. దాన్ని నేరుగా ఇంజిన్ కూర్చునే బెడ్ వైపు తిప్పి పెట్టిన మేధావి ఎవరో గానీ దొరికితే ఒకసారి అక్కడ పడుకోబెట్టాలి. కింద గిన్నె పట్టదు, సీసా సగానికి కోసి పెట్టినా పట్టదు. రెక్క తిప్పకముందే మూతికి సరిపడే రబ్బరు గొట్టం తొడగాలి, లేకపోతే కూలెంట్ కాస్తా బెడ్ మీదుగా పాక్కుంటూ బిల్జ్‌లోకి పోతుంది. అక్కడ ఆటోమేటిక్ పంపు కాచుకుని ఉంటుంది. తనకు నీళ్ళూ కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాలూ ఒకటే, ఉన్నదున్నట్టు బయటికి చిమ్మేస్తుంది. ఆ ద్రవం రుచికి తియ్యగా ఉంటుంది, అదే దాని దుర్మార్గం. కుక్కో పిల్లో నాకిందంటే మూత్రపిండాలు పోతాయి. కొన్ని కూలెంట్లలో దాని బదులు వాడే ప్రాపిలీన్ గ్లైకాల్ అంత ప్రమాదం కాదు గానీ దాన్నీ నీళ్ళలో పారబొయ్యకూడదు. కాబట్టి మీ దర్శనానికి ముందు ఆ పంపు ఆటో స్విచ్ ఆపాలి, పనయ్యాక మరిచిపోకుండా మళ్ళీ వెయ్యాలి. ఒక్క కాక్ తిప్పడానికి ఇన్ని ఉపచారాలు!

అసలు ఫిర్యాదు ఇంకా చెప్పలేదు. చుక్క ఆగగానే మీరు "పని పూర్తి" అని ప్రకటించేస్తారు చూడండి, అదీ నా బాధ. ఖాళీ చూడకుండానే ఫైలు మూసేసే గుమాస్తాలా ఉంటుంది మీ ధోరణి. మాన్యువల్‌లో ఇంజిన్ కూలెంట్ ఎన్ని లీటర్లు పడుతుందో రాసుంటుంది. గొట్టంలోంచి వచ్చినదాన్ని కొలిచి చూస్తే మీ బండారం బయటపడుతుంది. 4 లీటర్ల ఇంజిన్ నుంచి రెండున్నరే వచ్చిందంటే మిగతా లీటరున్నర ఎక్కడ దాచారు? ప్రొపెల్లర్ షాఫ్టు వాలుకి తగ్గట్టు ఇంజిన్ వెనక్కి వాలి ఉంటుంది, మీరేమో పక్కన కాస్త ఎత్తులో ఉంటారు, మీకన్నా దిగువన ఉన్నది మీ ఖాతాలోకే రాదు. వేడినీళ్ళ ట్యాంకుకి వెళ్ళే గొట్టాల్లో ఇంకొంత. సముద్రపు నీటితో కూలెంట్‌ని చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇంకొంత.

"పోనిస్తురూ, లీటరే కదా" అంటారేమో. ఆ లీటరులో తుప్పును ఆపే మందు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. మామూలు కూలెంట్‌కి రెండేళ్ళే ఆయుష్షు. పైగా పాతదొక రకం, కొత్తదొక రకం అయితే రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి, కొన్ని జంటలు ముద్దగా గడ్డకట్టి సన్న దారులన్నీ మూసేస్తాయి. రంగు చూసి రకం పోల్చుకుందామంటే ఆకుపచ్చ, నారింజ, గులాబీ ఎవరిష్టం వాళ్ళది, రంగుకో నియమం లేదు. చలిదేశాల్లో మీ మాట నమ్మినవాళ్ళ గతి ఇంకా అన్యాయం. నీళ్ళలో సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిస్తే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మధ్యలో ఎవరో వట్టి నీళ్ళు పోసుకుంటూ వచ్చి ఉంటే ఆ లెక్క చెల్లదు. నీరు గడ్డకడితే 9 శాతం దాకా పొంగుతుంది, బ్లాకు నిలువునా చీలుతుంది. అప్పుడు కూడా మీ ఇత్తడి రెక్క నిక్షేపంలా ఉంటుంది.

సముద్రపు నీటిని తోడే పంపులోని రబ్బరు చక్రం ఇంపెల్లర్, తుప్పు తన మీద వేసుకునే జింక్ ముక్క, ఆ నీరు బోటులోకి వచ్చే దారి కుళాయి సీకాక్ మీ చుట్టాలు కారని తెలుసు. సముద్రపు నీటి వైపు వాళ్ళది వేరే కొంప, వేరే కాక్‌లు. ఆ వైపు పని కోసం సీకాక్ మూసినప్పుడు ఇంజిన్ తాళంచెవి దాని పిడికే తగిలించే అలవాటున్నవాళ్ళు సీకాక్ తెరవడం మరిచి ఇంజిన్ వెయ్యరు, నీళ్ళందక వాళ్ళ ఇంపెల్లర్లు మాడవు. వాళ్ళతో తగాదా ఇంకో ఉత్తరంలో.

మిమ్మల్ని తయారుచేసినవాళ్ళకు నా మనవి చేరవెయ్యండి. మీ మూతికి జానెడు గొట్టం, దాని చివర చేతికందే చోట ఒక వాల్వు ఫ్యాక్టరీలోనే బిగిస్తే వాళ్ళ ఆస్తులు కరిగిపోవు. సొంతంగా అలా బిగించుకున్న బోటు యజమానులు కూలెంట్ మార్చాక కూడా అన్నం తినేటప్పుడు చెయ్యి ఎత్తగలుగుతున్నారు.

ఇట్లు,
స్టార్టర్ మోటారు వెనక చెయ్యి ఇరుక్కుని ఉన్న
మీ విధేయుడు

తా.క.: మాన్యువల్ వెనక పేజీలో విడిభాగాల బొమ్మ ఇప్పుడే చూశాను. మానిఫోల్డ్ కింద మీలాంటి ఇంకొకాయన ఉన్నాడట. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?