దిక్కులేని వీడియో గేములు

మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. నేనూ మా తమ్ముడూ వేసవి సెలవులన్నీ ధారపోసిన టీవీ వీడియో గేమ్, రెండు రిమోట్లు, ఏడు కేసెట్లు. పాత సామాన్లు కొనే అతను వాటిని ప్లాస్టిక్ డబ్బాలతో కలిపి తూచాడు. "ఇందులో రాగి లేదమ్మా, ప్లాస్టిక్ రేటే వస్తుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఒక కేసెట్ విప్పి చూస్తే లోపల అంతా ఖాళీ. అగ్గిపెట్టెంత బోర్డు, దాని నడుమ గట్టిపడిన నల్లటి జిగురు బొట్టు. చిప్పు ఆ బొట్టు కిందే ఉంటుంది.

మన చట్టానికి అందనిది ఈ చిన్న బోర్డే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల (పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువుల) నిబంధనలు అంతకుముందున్న 21 రకాల వస్తువుల జాబితాను 106కు పెంచాయి. బొమ్మలు, వినోద పరికరాల విభాగంలో వీడియో గేములు కూడా చేరాయి. ఇది మంచి మార్పు. వస్తువును మార్కెట్లోకి తెచ్చిన సంస్థే దాని అంత్యదశకూ బాధ్యత వహించాలన్నది ఈ నిబంధనలకు ఆయువుపట్టు. కానీ 1990ల్లో మన ఇళ్లకు వచ్చిన యంత్రాల్లో అధికభాగం 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ అనే నింటెండో గేమ్ యంత్రానికి నకళ్లు. చాలావాటి మీద తయారీదారు పేరే ఉండదు. బాధ్యత ఎవరి నెత్తిన పెడతారు? పైగా రీసైక్లింగ్ సంస్థలకు దక్కే, అవి తయారీదారులకు అమ్ముకునే ధ్రువపత్రాలు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుముల లెక్కన వస్తాయి. ఆ లెక్కలో కేసెట్ విలువ దాదాపు సున్నా. దాని కోసం మన గుమ్మం దాకా ఎవరు వస్తారు?

ఎవరూ రాకపోతే అది చేరేది చెత్తకుప్పకే. అక్కడ వైర్లను రాగి కోసం కాలుస్తారు, బోర్డులను యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ పీల్చేది ఆ పని చేసేవాళ్లు, వాళ్ల పక్కన ఆడుకునే పిల్లలు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పెద్ద కంపెనీలదీ గొప్ప చరిత్రేమీ కాదు. 1983లో అటారీ అనే వీడియో గేముల సంస్థ అమ్ముడుపోని సరుకును అమెరికాలోని న్యూ మెక్సికోలో, అలమొగోర్డో పట్టణ చెత్త డంపులో పూడ్చి పైన కాంక్రీటు పోసింది. 2014లో తవ్వితే సుమారు 1,300 కేసెట్లు బయటికి తీశారు. వాటిలో ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది, చాలా వాటిని వేలం వేశారు. చెత్త అని పాతిపెట్టినదాన్నే ముప్పై ఏళ్ల తర్వాత జనం డబ్బిచ్చి కొన్నారు.

అందుకే రీసైక్లింగ్ చివరి మెట్టు కావాలి, మొదటిది కాదు. పాత గేమ్ యంత్రం మూలనపడడానికి కారణం తరచుగా చిన్నదే. కేసెట్ పిన్నులకు మకిలి పట్టి ఉంటుంది, రిమోట్ తీగ లోపల తెగి ఉంటుంది. చిన్నప్పుడు అందరం కేసెట్‌లోకి ఊదేవాళ్లం. ఆ తేమే పిన్నులను తినేస్తుంది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిస్తే చాలాసార్లు ప్రాణం లేచొస్తుంది. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల్లో ఉబ్బిన లిథియం బ్యాటరీ కనిపిస్తే మాత్రం వాడకూడదు, గుచ్చకూడదు, మామూలు చెత్తలో వేయకూడదు. దాన్ని విడిగా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. కొత్త తరం కన్సోల్ (గేమ్ యంత్రం) అయితే ఎవరికైనా ఇచ్చే ముందు అందులోని ఖాతాను, చెల్లింపు కార్డు వివరాలను తొలగించాలి.

మున్సిపాలిటీలు చేయగలిగిన పని కూడా ఉంది. వార్డుకు నెలకో రోజు ఈ-వ్యర్థాలు సేకరించి, ముందు స్థానిక మెకానిక్‌కు చూపించాలి. బాగయ్యేవి ఆడుకునే పిల్లలకు, కానివి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు. టీవీలు, రేడియోలు బాగుచేసే చేతులు మన ప్రతి పట్టణంలో ఉన్నాయి. వాళ్లకు కూలి కట్టిస్తే చాలు.

మా యంత్రాన్ని నేను తూకానికి వేయలేదు. బస్టాండు దగ్గరి టీవీ మెకానిక్ రిమోట్ తీగ మార్చాడు. ఏడు కేసెట్లలో అయిదు పనిచేస్తున్నాయి. పసుపు, తెలుపు పిన్నులు పట్టే పాత టీవీ ఇంకా ఉన్న పక్కింటి వాళ్లకు ఇచ్చాను. నిన్న సాయంత్రం గోడ అవతలి నుంచి ఆ సంగీతం మళ్లీ వినిపించింది.