పాయింట్లవారి పక్షాన ఒక విన్నపం

డబ్బు కట్టి ఫైవ్‌స్టార్ హోటల్లో దిగేవాళ్ల మీద నాకు ఏ ద్వేషమూ లేదు. పాపం, వాళ్లూ ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా. కార్డు గీకుతారు, గదికి వెళ్తారు, దుప్పటి కప్పుకుంటారు, తెల్లారి లేచి వెళ్లిపోతారు. పాతిక వేలు పోసిన గదిలో ఎనిమిది గంటలు కళ్లు మూసుకునే ఉంటారు. ఇంతకు మించిన దుబారా ఇంకేముంటుంది? నేను మాట్లాడబోయేది ఇంకో వర్గం గురించి. అదే గదిలో రూపాయి ఇవ్వకుండా, క్రెడిట్ కార్డు గీకినందుకో హోటళ్లలో దిగినందుకో పోగైన పాయింట్లు ఇచ్చి, సకుటుంబంగా దిగి, రాత్రంతా మేలుకునే వారి గురించి. లోకం వీరిని కక్కుర్తి మనుషులంటోంది. ఈ నగరంలో వీరిని మించి ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు నాకు కనపడలేదు.

ముందు కొంచెం చరిత్ర. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులు తిరిగిన మైళ్లు లెక్కగట్టి, వాటికి బదులు ఉచిత టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1983 కల్లా హాలిడే ఇన్, మారియట్ హోటళ్లు అదే బాట పట్టాయి. ఈ విద్య మన ఊళ్లకు వచ్చేసరికి కొత్తగా నేర్పడానికేమీ మిగల్లేదు. సబ్బు రేపర్లూ టీపొడి అట్టలూ దాచి, కిరాణా కొట్టువాడితో పోట్లాడి స్టీలు గిన్నె తెచ్చుకున్న తల్లుల కడుపున పుట్టినవాళ్లం. తేడా ఒక్కటే, ఆ గిన్నె ఇంటికొచ్చేది.

ఇందులో మొదటి సూత్రం: ఖర్చు ఎవరిదైనా కార్డు మనది కావాలి. ఆఫీసులో పదిమంది బిర్యానీకి వెళ్తే బిల్లు మీద మొదట పడే చెయ్యి ఎవరిదో చూడండి. "ఉండండి ఉండండి, నేనిస్తా. మీరు తర్వాత ఫోన్‌పే చేసేయండి." ఎంత పెద్ద మనసు అనుకుంటారు కొత్తగా చేరిన పిల్లలు. బాబాయి కూతురి పెళ్లికి నగలు కొనేటప్పుడు కొట్టుకు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నదీ ఈయనే. "చెక్కు ఎందుకు బాబాయ్, నా కార్డుంది కదా, నువ్వు నాకు మెల్లగా పంపించు." బాబాయి కళ్లు చెమర్చాయి. వడ్డాణంలో ఎన్ని కాసులున్నాయో ఆయనకు తెలుసు, ఎన్ని పాయింట్లున్నాయో తెలియదు. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపినప్పటి నుంచి ములక్కాడలవాడి దగ్గర కూడా ఇదే తంతు. ఇంటి అద్దెను కార్డు మీద కట్టి పాయింట్లు పండించుకున్న స్వర్ణయుగం ఒకటి ఉండేది. తర్వాత బ్యాంకులు దాని మీద ఒక శాతం రుసుము వేశాయి, పాయింట్లకూ కోత పెట్టాయి. అద్దె ఇంట్లో ఉన్నందుకు దక్కిన ఒకే ఒక్క సుఖం అలా పోయింది. ఇక గడువులోగా బిల్లు కట్టనివాడి సంగతి వేరు. నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూ వడ్డీ, అంటే ఏడాదికి నలభై దాటుతుంది. అతను దిగింది ఏ హోటల్లోనైనా, గది అద్దె బ్యాంకుకే.

2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ, మారియట్ కలిసి ఒక కార్డు తెచ్చాయి. ఏడాదికి మూడు వేల రూపాయలు, పైన జీఎస్టీ. అది కడితే 15,000 పాయింట్లలోపు గదిలో ఒక రాత్రి ఉచితం. డబ్బు కడితే ఉచితంగా ఇవ్వడాన్ని కొనుగోలు అనడం సంస్కారం కాదు. టాటా వారి పద్ధతి మాత్రం పాయింట్లవారికి నచ్చదు. అక్కడ పాయింటు పేరు న్యూకాయిన్, ఒకటి అంటే ఒక రూపాయి, అంతే. పాయింటుకు ఎన్ని పైసలు పడిందో తేల్చడానికి రాత్రి రెండింటి దాకా ఎక్సెల్ షీటు ముందు కూర్చునే మనిషికి ఇంతకంటే అవమానం ఉంటుందా? పాయింట్ల లెక్క గొప్పతనం వేరు. గది ధర పాతిక వేలు, కాబట్టి పాతిక వేలు మిగిలాయి. ఆ పాతిక వేలు ఆయన జన్మలో పెట్టేవాడు కాదు కదా అని అడగకండి. ఎన్నడూ కొనని వస్తువులో డబ్బు మిగల్చడం అందరికీ చేతకాదు.

వీరిలోనూ రాజవంశీకులున్నారు. ఖర్చు కంపెనీది, పాయింట్లు తమవి. అమెరికాలో కన్సల్టింగ్ చేసే మనవాళ్లు సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరతారు. ఒహాయోలో హైవే పక్కన, ఆవులు కనిపించే హోటల్లో వాఫుల్ తింటూ పాయింట్లు పోగేస్తారు. మారియట్ లెక్కలో ఏడాదికి 50 రాత్రులు దిగితే ప్లాటినం హోదా, 75 రాత్రులకు టైటానియం. అబ్బాయి టైటానియం అంటే ఏడాదిలో 75 రాత్రులు ఇంట్లో ఉండడని అర్థం. పెళ్లిచూపుల్లో ఈ ప్రశ్న ఇంకా ఎవరూ ఎందుకు అడగడం లేదో నాకు తెలియదు.

అలాంటి ఒక టైటానియం అబ్బాయి తెనాలి నుంచి వచ్చిన తల్లిదండ్రులను న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఓ పెద్ద హోటల్లో దించాడు. నలభయ్యో అంతస్తు. కింద బొమ్మలూ వెలుగులూ. నాన్నగారు కర్టెన్ పట్టుకుని అలా నిలబడిపోయారు.

"రోజుకెంతరా ఇది?"

"ఫ్రీ నాన్నా."

"ఊరికే ఎవడిస్తాడ్రా? ఏం సంతకం పెట్టావ్?"

అబ్బాయి పాయింట్లు, శ్రేణులు, బదిలీలు అన్నీ అరగంట వివరించాడు. పెద్దాయన అంతా విన్నారు. తర్వాత అమ్మగారి వైపు తిరిగి, పొలం కాగితాలు బీరువాలోనే ఉన్నాయా అని అడిగారు. ఆవిడ అప్పటికే బాత్రూమ్ తలుపు వేసుకుని, పొగ గంట మోగకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కింద రైస్ కుక్కర్ పెట్టి, గోంగూర సీసా మూత తిప్పుతోంది.

మన హైదరాబాద్ సామాన్యుడికి అంత దూరం దేనికి? మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగితే చాలు. రోజూ ఆఫీసుకు వెళ్లే దారే. హోటలు ఆఫీసుకు ఎదురుగానే ఉంటుంది. సెలవుపెట్టి, చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ, భార్యాపిల్లలతో అత్తగారితో ఆ గేటు ముందుకొచ్చి నిలబడతాడు. అక్కడ మొదటి రాజ్యాంగ సంక్షోభం. ఫైవ్‌స్టార్ హోటల్ గేట్లు మనుషుల కోసం కట్టినవి కావు, కార్ల కోసం కట్టినవి. కారొస్తే డిక్కీ తెరిపిస్తారు, పొడవాటి కర్రకు కట్టిన అద్దం కారు కింద తిప్పుతారు. నడిచొచ్చినవాణ్ని ఎటు నుంచి చూడాలో ఆ అద్దమాయనకు తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకుంటారు. చివరికి మన మనిషి ఫోన్ తీసి, నిబ్బరంగా, "సిల్వర్ మెంబర్ అండీ" అంటాడు.

సిల్వర్ గురించి ఒక మాట చెప్పాలి. ప్లాటినానికి చాలా కింద ఉండే హోదా అది, త్రిశంకు స్వర్గం. గౌరవం ఉంటుంది, ఉప్మా ఉండదు. లాంజ్ తలుపు అద్దంలోంచి లోపల ప్లాటినంవారు సాయంత్రం ఆరింటికి సమోసాలు తింటూ, చల్లగా తాగుతూ, రాత్రి భోజనం ఖర్చు కూడా అక్కడే మిగుల్చుకోవడం కనపడుతుంది. సిల్వరువారికి స్వాగత వాక్యం ఉంటుంది.

కానీ కేకు దొరుకుతుంది. వారం ముందే హోటలుకు ఈమెయిల్ పెట్టాలి: ఆ రోజు మా పెళ్లిరోజు, పైఅంతస్తులో మంచి దృశ్యం కనిపించే గది ఇప్పించగలరు. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ, "హ్యాపీ యానివర్సరీ సార్, మేడమ్" అంటుంది. మేడమ్ ఉలిక్కిపడి సార్ వంక చూస్తారు. ఆవిడ పెళ్లయింది మాఘమాసంలో, ఇది శ్రావణం. ఫర్వాలేదు. ఆ అమ్మాయికీ తెలుసు. ఆ రోజు గదులు తీసుకున్నవాళ్లలో ఎందరికి పెళ్లిరోజో లెక్కపెడితే ఏ ముహూర్తాల నెలకూ తీసిపోదు. దృశ్యం కూడా దొరుకుతుంది. పదిహేడో అంతస్తు నుంచి కర్టెన్ లాగితే ఎదురుగా తన ఆఫీసు. తన కుర్చీ. ఇంకా లైటు వెలుగుతున్న మేనేజరు గది.

ఇక గదిలో పని మొదలవుతుంది. ఉచితంగా వచ్చిన గదిని గిట్టించుకోవాలి. గిట్టించుకోవాలంటే అన్నీ వాడాలి. స్నానాల తొట్టి నింపాలి, అందులో వంతులవారీగా కూర్చోవాలి, పిల్లలు తొట్టిలో ఉండగా పెద్దవాడు ఇస్త్రీ పెట్టె తీసి ఇంటి నుంచి తెచ్చిన నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేయాలి. ఈత కొలను మూసేలోపు ఒకసారి, తెరవగానే ఒకసారి. జిమ్‌లో ఇంటికాడ ఎన్నడూ ఎత్తని బరువులు. తెల్లటి కోటు వేసుకుని ఫొటో. చెప్పులు ఐదు జతలు అడగాలి, గదికి రెండే ఇస్తారు. షాంపూ సీసాలు సంచిలో వేసుకోవడం ఈ వర్గానికి తరతరాల హక్కు. 2019 నుంచి పెద్ద పెద్ద హోటల్ సంస్థలు పర్యావరణం పేరు చెప్పి ఆ బుల్లి సీసాలు తీసేసి, గోడకు తాళం వేసిన పెద్ద సీసాలు బిగించడం మొదలుపెట్టాయి. పర్యావరణానికి మేము వ్యతిరేకం కాదు. అందుకే ఖాళీ కొబ్బరినూనె సీసా ఇంటి నుంచి తెచ్చుకుంటాం.

ఇంత పెట్టి కట్టిన గదికి బాత్రూమ్ గోడ మాత్రం అద్దం. ఈ ఆలోచన ఏ వాస్తుశిల్పిదో గాని, అతనికి అత్తగారు ఉండి ఉండరు. మంచం మీద కూర్చుంటే లోపల ఎవరు పళ్లు తోముతున్నారో కనిపించాలని ఎవరు అడిగారు? తెర ఒకటి ఉంటుంది, అది మీట నొక్కితే దిగుతుంది, ఆ మీట ఎక్కడుందో చెక్‌అవుట్ రోజున తెలుస్తుంది. ఆ రాత్రి మా కథానాయకుడి అత్తగారు స్నానం మానేశారు, "ఇంటికెళ్లి చేస్తాలే" అన్నారు. ఆయన మామగారు మొదటే తెలివిగా మియాపూర్‌లో ఉండిపోయారు.

తెల్లవారింది. ఉచిత రాత్రిలో ఉదయం ఉండదు. టిఫిన్‌కు తలకు వెయ్యి పైనే. అక్కడ ఇడ్లీని ఆవిరి పాత్రతో సహా పరిచయం చేస్తారు, చట్నీకి చిన్న బోర్డు పెడతారు. కాబట్టి మన మనిషి హోటల్ చెప్పులతోనే లిఫ్ట్ దిగి, సలాం కొట్టే దర్బాను పక్క నుంచి బయటికి నడిచి, మలుపులో బండి దగ్గర ఉప్మా పెసరట్టు ఐదు పార్సిల్ కట్టించుకుంటాడు. చెల్లించింది, చెప్పాలా, కార్డుతోనే. అల్లం పచ్చడి వాసన లిఫ్టులో పదిహేడు అంతస్తులు ప్రయాణం చేసింది. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి, నగదు కట్టినవాడై ఉంటాడు, గుటక వేశాడు.

ఇంత కష్టించే వర్గానికి హక్కులు ఏపాటివో చూడండి. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు కనీసం ప్రధానమంత్రి టీవీలోకి వచ్చి చెప్పారు. పాయింట్ల విలువ పడిపోతే ఎవరూ రారు. 2022 మార్చిలో మారియట్ తన పాత రేట్ల పట్టిక పక్కనపెట్టి, గది ధరతో పాటు పాయింట్లూ ఎక్కిదిగేలా మార్చింది. రెండేళ్లు ఖాతాలో కదలిక లేకపోతే మొత్తం ఆవిరి. నిబంధనలు చదివితే పాయింట్లు మనవే కావు, వాటికి నగదు విలువ లేదు. అదే 2020లో విమానాలు నేల మీద కూర్చున్నప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. వాళ్లు చూపిస్తే ఆస్తి, మనం చూపిస్తే ఆప్యాయత.

నోరెత్తే వీలూ లేదు. అమెరికాలో ఒక యూదు మతగురువు సామాను ఆలస్యంగా వస్తోందనీ, ఇంకొకటనీ నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు పదేపదే ఫిర్యాదు చేశాడు. మీరు మరీ ఎక్కువ ఫిర్యాదు చేస్తున్నారంటూ 2008లో ఆయన ప్లాటినం సభ్యత్వమే పీకేశారు. ఆయన కోర్టుకెక్కాడు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా విమానసంస్థ పక్షాన తీర్పిచ్చింది. అప్పటి నుంచి పాయింట్లవారు గీజరు పనిచేయకపోయినా చల్లనీళ్లు ఆరోగ్యానికి మంచివంటున్నారు.

పుణ్యం కరిగిపోగానే స్వర్గం నుంచి యయాతిని కిందికి తోసేస్తే, కూతురి కొడుకులు నలుగురూ తమ పుణ్యం ధారపోసి మళ్లీ పైకి పంపారట. మన మనిషికి బావమరిది ఉన్నాడు. మూడు వేల పాయింట్లు తగ్గినప్పుడు అతనే తనవి బదిలీ చేశాడు. ఆ ఉపకారాన్ని ఇప్పటికి మూడు పండగల్లో పదిమంది ముందూ గుర్తు చేశాడు. యయాతి మనవలు ఆ పని చేసినట్టు ఎక్కడా లేదు.

రాజభవనాల గొప్ప మాకెవరూ చెప్పనక్కర్లేదు. ఫలక్‌నుమాను 1884లో కట్టడం మొదలుపెట్టిన పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా ఆ ఖర్చుకు అప్పులపాలై, చివరికి దాన్ని నిజాముకు అప్పజెప్పారంటారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్న ఇల్లు అది. కట్టించినాయనకే గిట్టుబాటు కాలేదు. 2010 నుంచి అక్కడ తాజ్ వారి హోటలు నడుస్తోంది. అలాంటి చోట పడుకుని కూడా గిట్టించుకోగల మనిషిని ప్రభుత్వం ఆర్థిక సంఘంలోకి తీసుకోవాలి. అది ఇప్పట్లో కుదరకపోతే, కనీసం ప్రతి ఫైవ్‌స్టార్ గేటు పక్కన మెట్రో దిగి వచ్చేవారికి ఒక చిన్న తలుపూ, అద్దపు బాత్రూమ్‌లో ఆ మీట ఎక్కడుందో తెలుగులో ఒక బాణం గుర్తూ పెట్టించాలి. పెళ్లిరోజు ధ్రువపత్రం అడిగే ఆలోచన ఎవరికైనా ఉంటే దాన్ని ఇప్పుడే విరమించుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండుకు కుటుంబం రిసెప్షన్ ముందు నిలబడింది. బిల్లు సున్నా రావాలి. వచ్చింది 450 రూపాయలు. మినీబార్‌లో జీడిపప్పు పొట్లం ఎవరు విప్పారు? చిన్నవాడి మూతి చుట్టూ ఉప్పు ఉంది. తల్లి చెయ్యి లేచింది. తండ్రి ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పెదవులు కదుపుతూ లెక్క వేశాడు. హోటల్లో పెట్టే ఖర్చుకు ఈ కార్డు మీద ప్రతి 150 రూపాయలకు 8 పాయింట్లు. అంటే 24. ఇంకా 14,976 వస్తే మరో రాత్రి ఉచితం.

"ఇంకోటి ఉందా నాన్నా లోపల?" అని అడిగాడు కొడుకును, ఎంతో ప్రేమగా.