గరం మసాలా ఇంట్లోనే కొట్టుకుందాం

ఈసారి బోనాల విందులో మన సంఘం బగారా అన్నం, మటన్ కూర పెట్టింది. అన్నం బాగా కుదిరింది. కూరలో మాత్రం కారం, ధనియాల వాసన తప్ప ఇంకేమీ లేదు. అంతమందికి వండేవాళ్లు ప్యాకెట్ పొడి వాడారని తప్పుపట్టలేం. కానీ ‘హైదరాబాదీ మటన్’ అని రాసి పెట్టి అది వడ్డిస్తే మనసు చివుక్కుమంది. మన పిల్లలు ఆ రుచినే హైదరాబాద్ రుచి అనుకుంటారు.

ఆ ఊరి గరం మసాలాకు నాలుగు దినుసులే ప్రాణం: షాజీరా 20 గ్రాములు, దాల్చిన చెక్క 20, ఏలకులు 15, లవంగాలు 10. ఇష్టమైతే జాపత్రి 2 గ్రాములు, అంతకు మించితే మిగతా వాసనలను మింగేస్తుంది. ధనియాల పొడి ఇందులో కలపరు, కూరలో విడిగా వేస్తారు.

చెడేది ఎక్కువగా వేయించే దగ్గరే. మందపాటి మూకుడు, సన్నని సెగ. చెక్కను చిన్న ముక్కలు చేసి ముందు వేయాలి. అది వేడెక్కాక లవంగాలు, తొక్కతోనే ఏలకులు. రంగు మారనక్కర్లేదు, తేమ పోయి వేలితో విరిస్తే పుటుక్కుమనాలి. షాజీరా, జాపత్రి పొయ్యి ఆపేశాకే వేయాలి, ఆ వేడి చాలు. షాజీరా గింజ సన్నం, క్షణాల్లో మాడుతుంది. మాడితే ఆ చేదు కూరంతా పాకుతుంది, నెయ్యి పోసినా పోదు.

పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే ఆవిరికి పొడి ఉండ కడుతుంది, తొందరగా ముక్కిపోతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. జార్ వేడెక్కిందంటే దినుసుల్లోని నూనె ఆవిరవుతున్నట్టే, అప్పుడు వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ పొడిలో పస మిగలదు. జల్లించగా మిగిలిన ఏలకుల తొక్క టీలో వేసుకోవచ్చు. పొడిని గాజు సీసాలో, వెలుతురు తగలని చోట పెట్టి రెండు నెలల్లో వాడేయాలి.

హైదరాబాద్ వెళ్లేవాళ్లకు ఒక్క మనవి. బేగంబజార్‌లో పొడులు కొనకండి, దినుసులే తెచ్చుకోండి. లవంగం తలపై మొగ్గ ఉండాలి, గోటితో నొక్కితే నూనె చెమర్చాలి. నూనె తీసేసిన లవంగాలూ అమ్ముతారు, అవి ఎండు పుల్లల్లా ఉంటాయి.

కిలో మాంసానికి చెంచాన్నర పొడి, దించే ముందు చల్లి మూత పెడితే చాలు. యాభై మంది విందుకు పది కిలోల మటన్ అనుకున్నా, పై కొలతతో ఒక్కసారి కొట్టిన పొడి సరిపోయి ఇంకా మిగులుతుంది. వచ్చే విందుకు ఆ ఒక్క సీసా ముందురోజు సాయంత్రం ఎవరింట్లోనైనా తయారుచేసి వంటవాళ్ల చేతికిద్దాం.