మాంట్‌గోమరీ బస్సుల్లో మొదట అడిగింది చాలా తక్కువ

రోసా పార్క్స్ కథను మన దగ్గర దాదాపు ఒకేలా చెబుతారు. కుట్టుపని చేసి అలసిపోయిన ఒక నల్లజాతి మహిళ 1955 డిసెంబర్ 1 సాయంత్రం బస్సులో సీటు వదలనంది, దాంతో అమెరికా కదిలిపోయింది. ఆ అలసట మాటను ఆవిడే తర్వాత కొట్టిపారేశారు. అప్పటికే ఆవిడ పౌర హక్కుల సంఘం స్థానిక శాఖకు కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఈ కథలో ఎక్కువమంది దాటేసే విషయం ఇంకొకటి ఉంది. ఆవిడ అరెస్టుతో మొదలైన బస్సుల బహిష్కరణ ఉద్యమం మొదట్లో తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు విడి సీట్ల పద్ధతిని రద్దు చేయమని అడగనే లేదు.

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగర బస్సుల్లో ముందు పది సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు నిలబడే ఉండాలి. చాలాసార్లు ముందు తలుపు దగ్గర డబ్బులు వేసి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాల్సి వచ్చేది. ఈలోపు డ్రైవర్ బస్సు ముందుకు పోనిస్తే డబ్బూ పోయె, బస్సూ పోయె. ప్రయాణికుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు నల్లవాళ్లే అయినా ఇదీ పరిస్థితి.

డిసెంబర్ 5న బస్సులు ఎక్కడం మానేశాక నల్లవాళ్లు పెట్టిన డిమాండ్లు మూడు. మర్యాదగా మాట్లాడాలి. తెల్లవాళ్లు ముందు నుంచి, నల్లవాళ్లు వెనక నుంచి ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోవాలి. నల్లవాళ్లు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్లజాతి డ్రైవర్లను పెట్టాలి. ఇలాంటి సీట్ల పద్ధతి అదే రాష్ట్రంలోని మొబైల్ నగరంలో అప్పటికే నడుస్తోంది. దీనికి కూడా నగర పాలకులు, బస్సు కంపెనీ ఒప్పుకోలేదు. చర్చల్లో ఆ పాటి మర్యాద దక్కి ఉంటే వ్యవహారం అక్కడే సద్దుమణిగేదని నా అంచనా. పాలకుల మొండితనమే ఉద్యమకారుల్ని అసలు చట్టం మీదికి నడిపించింది.

ఇదంతా ఒక్క రాత్రిలో పుట్టిన కోపం కూడా కాదు. కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, నల్లజాతి మహిళల రాజకీయ మండలి తరఫున 1954 మేలోనే మేయర్‌కు ఉత్తరం రాశారు. బస్సుల్లో తీరు మారకపోతే బహిష్కరణ తప్పదని అందులో హెచ్చరించారు. పార్క్స్ అరెస్టయిన రాత్రి కాలేజీ సైక్లోస్టైల్ మిషన్ మీద వేల కరపత్రాలు తీసింది రాబిన్సనే. వేదిక మీద 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్ కనిపించారు సరే, ముందస్తు ఏర్పాటంతా ఈ మహిళలదే.

ఏడాదికి పైగా బస్సు లేకుండా పనికెళ్లడమంటే ఆవేశంతో అయ్యే పని కాదు. మొదట నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. కనీస చార్జీ 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని అధికారులు బిగించారు. దాంతో మన షేర్ ఆటోల్లాగా సొంత కార్లు, చర్చిల వ్యాన్లు తిప్పారు. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో పాయింట్లు పెట్టారు. పోలీసులు చీటికీమాటికీ జరిమానాలు రాశారు, కార్లకు ఇన్సూరెన్స్ రద్దయింది. 1956 జనవరి 30న కింగ్ ఇంటి మీద బాంబు పడింది. రెండు రోజుల తర్వాత లాయర్ ఫ్రెడ్ గ్రే విడి సీట్ల చట్టం మీద ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్రం కిందికి వచ్చే కోర్టులో కేసు వేశారు.

ఆ కేసులో పార్క్స్ లేరు. ఆవిడ మీది క్రిమినల్ కేసు రాష్ట్ర కోర్టుల్లో విడిగా నడుస్తోంది. చివరిదాకా నిలబడిన ఫిర్యాదుదారులు నలుగురు: ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయిస్ స్మిత్, క్లాడెట్ కోల్విన్. కోల్విన్ పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో సీటు వదలనని అరెస్టయింది. చిన్నపిల్ల, దుడుకు మనిషి అని నాయకులు ఆమెను ముందు పెట్టలేదు. లోకం ఏమంటుందోనన్న ఆ లెక్క అర్థమవుతుంది గానీ, సమర్థించబుద్ధి కాదు. ముందుకు రానివ్వని ఆ పిల్ల సాక్ష్యమే కోర్టులో అక్కరకొచ్చింది.

1956 నవంబర్ 13న రాష్ట్ర కోర్టు కార్ల ఏర్పాటును ఆపేయమంది. బహిష్కరణ అక్కడితో కుప్పకూలాల్సిందే. అదే రోజు, బస్సుల్లో విడి సీట్ల చట్టం చెల్లదన్న కింది కోర్టు తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కాబట్టి జనబలమే గెలిచిందన్నా, కోర్టే గెలిపించిందన్నా సగం మాటే అవుతుంది. కేసు తేలేదాకా జనం నడిచారు, జనం చేతులెత్తేసే లోపు కేసు తేలింది.

డిసెంబర్ 21న కలిసి కూర్చోవడం మొదలైంది. కొద్ది రోజులకే బస్సుల మీద తుపాకీ కాల్పులు జరిగాయి. 1961 మేలో అదే మాంట్‌గోమరీ బస్ స్టేషన్‌లో ఫ్రీడమ్ రైడర్లను, అంటే రాష్ట్రాల మధ్య బస్సుల్లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ప్రయాణించిన ఉద్యమకారుల్ని, అల్లరిమూక చావగొట్టింది. రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులకు, వాటి స్టేషన్లకు విడి బోర్డులు తీసేయాలన్న కేంద్ర నిబంధన ఆ ఏడాది నవంబర్ 1న గానీ అమల్లోకి రాలేదు.