బెళ్లందూరులో స్లెడ్డు పందేలు: ఒక సవినయ ప్రతిపాదన

మంచు మీద కుక్కలు లాగే స్లెడ్డు బండ్ల స్ప్రింట్ (తక్కువ దూరపు) పందేలు ఇన్నాళ్లూ అలాస్కా సొత్తుగా ఉండిపోవడం అన్యాయం. బెంగళూరులోని బెళ్లందూరు, మారతహళ్లి అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్లు ఏసీ వేసి పెంచుతున్న హస్కీలను పోగుచేస్తే నాలుగు జట్లు సులువుగా తేలతాయి.

మంచు ఏదీ అంటారా? వర్తూరు చెరువు నురగ మంచులా గట్టు దాటి రోడ్డెక్కిన రోజులు మరిచిపోయారన్నమాట. పైగా 2018 జనవరిలో బెళ్లందూరు చెరువు మండింది కూడా. అలాస్కా మంచుకు ఆ సదుపాయం లేదు.

అలాస్కాలోని యాంకరేజ్‌లో జరిగే ఫర్ రాండీ పందెం మూడు రోజులు, రోజుకు 40 కి.మీ. అక్కడిదే సుదూర స్లెడ్డు పందెం ఇడిటరోడ్ దాదాపు 1,600 కి.మీ. కాబట్టి దీన్ని వాళ్లు తక్కువ దూరమంటారు. మంచి జట్టు వేగం గంటకు 30 కి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆ వేగం కనబడితే జనం బండ్లు ఆపి దణ్ణం పెడతారు. (బండ్లు ఎలాగూ ఆగే ఉంటాయి.)

చిక్కల్లా కుక్కల దగ్గరే. మా లిఫ్టులో రోజూ వినబడే సంభాషణ ఇది:

"ప్యూర్ బ్రీడేనా అండీ?"

"పేపర్స్ ఉన్నాయండీ!"

తాతముత్తాతల పేర్లు సర్టిఫికెట్లో ఉండాలి, కళ్లు నీలంగా ఉండాలి. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత ఆరా తీయం. అలాస్కావాళ్లకు మాత్రం ఈ సంస్కారం బొత్తిగా లేదు. అక్కడ గెలిచే అలాస్కన్ హస్కీకి కెన్నెల్ క్లబ్బుల గుర్తింపే లేదు. ఏది బాగా పరిగెడితే దాన్ని కలుపుకుంటూ పోయారు. అదీ చాలక స్కాండినేవియావాళ్లు దాన్ని జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ అనే వేటకుక్కతో కలిపి యూరోహౌండ్‌ను పుట్టించారు. పొట్టి బొచ్చు, పొడుగు కాళ్లు, నీరసపు తోక. ఒళ్లు త్వరగా వేడెక్కదు కాబట్టి దూసుకుపోతుంది, కానీ ఫోటోకి పనికిరాదు. ఫర్ రాండీలో 10 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన జార్జ్ అట్లా కుక్కల కాళ్లు చూశాడే తప్ప గోత్రం చూడలేదు. ఇదేం పెంపకం!

అర్ధరాత్రి డెలివరీ బైకుల వెంటపడే మా వీధి కుక్కలు అచ్చం ఆ బాపతే. జట్టుగా పరిగెడతాయి, ముందు కుక్క మలుపు తిరిగితే మిగతావీ తిరుగుతాయి, రోజూ ప్రాక్టీసు. జీతం లేదు, ఏసీ లేదు. వాటిని కూడా చేర్చుకుందామని ఎవరో అమాయకుడు అన్నాడట. అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టి, దరఖాస్తులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే తిరస్కరించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.