సుపారీ ఇచ్చిన తాతకి మనవణ్ణి చూపించాలా?

పిల్లాడి కస్టడీ తగువు ముదిరి, అల్లుణ్ణి చంపించడానికి మామగారు కిరాయి మనిషిని మాట్లాడుకున్నాడని చదివితే, ఎంత సొమ్ము చేతులు మారింది, ఎవరు పట్టుబడ్డారు అన్నంతవరకే చూసి ఊరుకుంటాం. ఆ పిల్లాడు ఇప్పుడు ఎవరి దగ్గర పడుకుంటున్నాడని అడగం. ఈ వాదన అందుకే రాశాను. కుటుంబం కల్పితం, చట్టాలూ తీర్పులూ నిజం.

కోనసీమలో ఒక ఊరు. భర్తతో విడిపోయిన కూతురు ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్‌లో ఉంది. ఏడేళ్ల కొడుకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మమ్మా తాతల దగ్గరే పెరిగాడు. కోర్టు అతన్ని తండ్రికి అప్పగించమంది. తాత రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అల్లుణ్ణి లేపేయమన్నాడు. సొమ్ము తీసుకున్నవాడు భయపడి పోలీసులకి చెప్పేశాడు. తాత జైలుకెళ్లి, బెయిలు మీద వచ్చాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన రాజీ కుదర్చాలని చూస్తున్నాడు. ఆయన మేనకోడలు అమలాపురం కోర్టులో లాయరు.

మావయ్య: ఎవరూ చావలేదు కదమ్మా. అల్లుడు పొద్దున్నే తోటలోకెళ్లి కొబ్బరికాయల దింపు చేయించుకుంటున్నాడు. ముసలాయన మతి తప్పి ఒక పని చేశాడు. తగువంటే కాలవకి గండి పడ్డట్టు. ముందు పూడ్చాలి, ఎవరు కొట్టారో తర్వాత చూసుకోవచ్చు.

మేనకోడలు: మతి తప్పినవాడు కేకలేస్తాడు, కర్ర పట్టుకుంటాడు. ఈయన సొమ్ము సమకూర్చాడు, మనిషిని వెతికాడు, బేరమాడాడు, అల్లుడి ఫోటో, బండి నంబరు వాట్సాప్‌లో పంపాడు. అన్ని రోజుల్లో ఒక్కసారైనా వద్దులే అనుకోవచ్చుగా? అల్లుడు బతికి ఉన్నది ఈయన మనసు మారి కాదు మావయ్యా, అవతలివాడికి ధైర్యం చాలక.

మావయ్య: జరగని హత్యకి శిక్షేమిటి?

మేనకోడలు: ఉంది. చావుశిక్షో యావజ్జీవమో పడే నేరానికి పురిగొల్పితే, ఆ నేరం జరగకపోయినా ఏడేళ్ల దాకా వెయ్యొచ్చు. భారతీయ న్యాయ సంహిత 55వ సెక్షన్. ఆ ప్రయత్నంలో ఎవరికైనా దెబ్బ తగిలితే పద్నాలుగేళ్ల దాకా. ఇద్దరు కలిసి మాట్లాడుకున్నారు కాబట్టి కుట్ర సెక్షన్ వేరే.

మావయ్య: అల్లుడే రాజీకి ఒప్పుకుంటున్నాడు. మూడెకరాల కొబ్బరితోట పిల్లాడి పేర రాస్తారు, మైనరు తీరేదాకా ఆదాయం తండ్రి తీసుకుంటాడు. పిల్లాడు వారంలో నాలుగు రోజులు తాత దగ్గర, మిగతా రోజులు తండ్రి దగ్గర. కేసు ఎత్తేస్తారు.

మేనకోడలు: కేసు అల్లుడిది కాదు, ప్రభుత్వానిది. హత్యలాంటి ఘోరమైన నేరాల్లో రాజీ అయ్యామని చెప్పి కేసు కొట్టేయించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. అది పక్కన పెట్టండి. ఆ మూడెకరాలు దేనికి ఖరీదు? వారంలో నాలుగు రోజులు పిల్లాణ్ణి ఉంచుకోడానికే కదా! మొదట తండ్రి ప్రాణానికి రేటు కట్టారు, ఇప్పుడు కొడుక్కి కడుతున్నారు. పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కారని 1973లో సుప్రీంకోర్టు అంత స్పష్టంగా రాసింది. తాతల సొత్తు అసలే కారు.

మావయ్య: సొత్తు అంటావేంటి! ఆయన అన్నం కలిపి పెట్టి పెంచాడు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాడు. తండ్రి ఏ పండక్కో వచ్చి బొమ్మ కొనిచ్చి పోయేవాడు. అలాంటివాడికి ఇచ్చెయ్యమంటే పెంచినవాడి కడుపు మండదా? ఆ వాయిదాలు చూశావా నువ్వు? జడ్జిగారు సెలవు, లాయరు రాలేదు, నోటీసు అందలేదు. తిరిగి తిరిగి చివరికి కాగితం చేతిలో పెట్టి పిల్లాణ్ణి పంపమన్నారు.

మేనకోడలు: వాయిదాల గురించి నేను కోర్టుని సమర్థించను. ఏడేళ్ల పిల్లాడికి ఏడాది ఎంత పెద్దదో మా కోర్టులకి పట్టదు. కానీ మావయ్యా, కస్టడీ ఉత్తర్వు రాతిమీద రాత కాదు. పరిస్థితి మారితే మార్చమని మళ్లీ అడగొచ్చు, అదీ ఆ 1973 తీర్పులోనే ఉంది. పైన హైకోర్టు ఉంది. తండ్రి సరిగ్గా చూడకపోతే, తాగితే, బడి మాన్పిస్తే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద తాత అయినా పిటిషన్ వెయ్యొచ్చు. ఈయన అప్పీలు కాగితాలు తేలేదు. ఎవరి దగ్గరికెళ్లాలో ముందే అనుకున్నాడు.

మావయ్య: తండ్రి ఉండగా తాతకి ఏ కోర్టు ఇస్తుందమ్మా? అవన్నీ కాగితం మీద మాటలు.

మేనకోడలు: ఇచ్చింది. 2008లో బెంగాల్ నుంచి వచ్చిన కేసు. తల్లి చనిపోయింది, తండ్రి మీద వరకట్న మరణం కేసు నడుస్తోంది. కింది కోర్టు, హైకోర్టు పిల్లాణ్ణి తండ్రికే ఇమ్మన్నాయి. సుప్రీంకోర్టు రెండు తీర్పుల్నీ పక్కన పెట్టి అమ్మమ్మా తాతల దగ్గరే ఉంచింది. తండ్రి మీద అంత కేసుండగా దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఎలా ఇస్తారంది, పిల్లాడి ఇష్టం కూడా చూడాలంది. ఈ తాతకి ఆ దారి తెరిచే ఉండేది. ఇప్పుడు అదే మాట ఆయనకీ వర్తిస్తుంది. చంపించబోయాడన్న కేసు ఎవరి మీద ఉంటే వాళ్ల ఇంటికి పిల్లాణ్ణి పంపేముందు ఆలోచించాలి కదా.

మావయ్య: సరే, కస్టడీ వద్దు. చూడ్డానికైనా అడ్డేంటి? పిల్లాడు తాతయ్య కావాలని ఏడుస్తున్నాడు. వాడి ఇష్టం చూడాలని నువ్వే అంటివి.

మేనకోడలు: నన్ను నిద్రపోనివ్వనిది అదే. వాడికి తాత ఎందుకు రావట్లేదో తెలీదు. ఎన్నాళ్లు తెలీకుండా ఉంటుంది? బళ్లో ఏ పిల్లాడో అంటాడు, మీ తాత మీ నాన్నని చంపించబోయాడంట అని. ఆ తర్వాత వాడికి వచ్చే మొదటి ఆలోచన ఏంటో తెలుసా? నా కోసమే కదా అని. నేను తాతయ్య కావాలని ఏడ్చాను కాబట్టే ఇదంతా జరిగిందని. ఆ నింద వాడు తన మీద వేసుకుంటాడు మావయ్యా. నాన్న దగ్గర నవ్వితే తాతకి ద్రోహం, తాత పేరెత్తితే నాన్నకి ద్రోహం అనుకుంటాడు. మీరంతా ప్రేమ ప్రేమ అంటున్నారు. ప్రేమించినవాడు పిల్లాడికి తండ్రి లేకుండా చెయ్యాలనుకుంటాడా?

మావయ్య: అందుకే దాచాలంటున్నా. రాజీ అయితే ఊరి నోరు మూతపడుతుంది.

మేనకోడలు: పడదు. పైగా రేపు వాడికి పద్దెనిమిదేళ్లొచ్చాక, ఇంత జరిగితే మీరంతా కలిసి నాకు అబద్ధం చెప్పారా అని మిమ్మల్నే అడుగుతాడు. తాతని ఎప్పటికీ చూడొద్దని నేననను. కేసు తేలనివ్వండి, పిల్లల కౌన్సెలర్ మాట్లాడనివ్వండి, అప్పుడు కోర్టు సరేనంటే కోర్టులోనే, ఇంకొకరి ఎదుట. ఇంటికి మాత్రం కాదు.

మావయ్య: మరి ఆ ముసలమ్మ చేసిన పాపమేంటి? ఆవిడ అన్నం మానేసింది.

మేనకోడలు: ఆవిడ మీద కేసు లేదు. ఆవిడ పేరనే వేరే పిటిషన్ వెయ్యొచ్చు, మనవణ్ణి నెలకింతసేపు చూపించమని. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, ఫీజు అక్కర్లేదు. కానీ ఒకటి చెప్పండి. ఆ రెండు లక్షలు ఎక్కడివి?

మావయ్య: ... ఆవిడ గాజులు తాకట్టు పెట్టాడు.

మేనకోడలు: ఆవిడకి తెలిసేనా?

మావయ్య: తోట పెట్టుబడికి అనుకుంది. అలాగే అంటోంది.

మేనకోడలు: అయితే ఆ గాజులు ఎప్పుడు వెళ్లాయో ఆవిడ దాచకుండా చెప్పాలి. తాకట్టు చీటీ ఇంట్లోనే ఉంటుంది.

మావయ్య: అది బయటపెడితే మొగుడి కేసు బిగుసుకుంటుందే.

మేనకోడలు: బిగుసుకుంటుంది.

మావయ్య: పెట్టకపోతే?

మేనకోడలు: రేపు పోలీసులే ఆ చీటీ పట్టుకుంటే, ఆవిడకీ తెలుసనుకుంటారు. అప్పుడు మనవణ్ణి ఆవిడకి కూడా చూపించరు.

మావయ్య: నలభై ఏళ్లు కాపురం చేసిన ఆవిడతో ఈ మాట నేనెలా చెప్పనమ్మా? నువ్వే రా.

మేనకోడలు: రేపు వస్తాను. ఆయన ఇంట్లో లేనప్పుడు కబురు చెయ్యండి.